తొమ్మిదో కార్డు

మా షావుకారుగారి పెద్దకార్యం కార్డులు అచ్చయి వచ్చాయి. కట్టలు విప్పి నా బల్ల మీద పెట్టి, చిరునామాలు నన్నే రాయమన్నారు. వేరే ఎవరు రాస్తారు? పద్నాలుగేళ్ళుగా ఆ కొబ్బరి కొట్టు నుంచి వెళ్ళిన ప్రతి కార్డు మీదా ఉన్నది నా దస్తూరే.

"మీ చేత్తో రాస్తేనే జనం గుర్తుపడతారండి. నాన్నగారి దగ్గర్నుంచే వచ్చిందనుకుంటారు" అన్నాడు ఆయన కొడుకు. అన్నాక ఆ మాట తనకే అప్పుడు వినిపించినట్టుంది. గుమ్మంలో కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

నేను రాస్తూ పోయాను. దుఃఖం వస్తుందేమోనని మధ్యమధ్య ఆగి చూసుకున్నాను. రాలేదు. కొత్తపేట, రాజోలు, రాయవరం, వాటి చుట్టుపట్ల ఊళ్ళు. ఒక్కొక్క పేరూ రాస్తుంటే ఆ మనిషికి అంతకు ముందు ఏం రాశామో గుర్తొచ్చేది, అంతే. మధ్యాహ్నానికి అల్లవరం వైపు ఊళ్ళకి వచ్చాను. అక్కడ ఒక పేరు దగ్గర కలం ఆగింది. ఆ పేరు మీద పన్నెండేళ్ళ కిందట నేను ఒక కార్డు రాశాను. అది ఆ ఇంటికి చేరలేదు. నా పెట్టెలో, మా నాన్నగారి కళ్ళజోడు కింద ఉంది.

ఆ కార్డు సంగతి తెలియాలంటే ముందు ఆయన తెలియాలి.

పొట్టి మనిషి. చొక్కా జేబు ఎప్పుడూ ఒక పక్కకి సాగిపోయి ఉండేది. ఎడమ కాలు బోదకాలు. కుడి కాలికి బజారు చెప్పు, ఎడమ కాలికి లారీ టైరుతో కుట్టించుకున్న చెప్పు. నడిచి వస్తుంటే రెండు వేరువేరు చప్పుళ్ళు వినబడేవి, ఎవరో ఇద్దరు వస్తున్నట్టు. కొట్టు అమలాపురం పొలిమేరలో, కాలవ గట్టు రోడ్డు మీద. పొద్దున్నే రైతుల తోటలకి వెళ్ళేవారు. దింపు జరిగే చోట, అంటే చెట్ల మీంచి కాయలు దించే చోట, నిలబడేవారు. మధ్యాహ్నం దాటాక వచ్చేవారు.

రాగానే ఆయన చేసే పని ఒకటుంది. సాగిపోయిన ఆ జేబులోంచి కొబ్బరి ఈనెపుల్లల ముక్కలు తీసి నా బల్ల మీద వరసగా పేర్చేవారు. పొద్దున బయల్దేరేటప్పుడు జేబు ఖాళీ. ఎవరైనా ఆయనకి ఏదైనా మంచి చేస్తే, అక్కడికక్కడే కింద పడ్డ మట్టలోంచి ఒక ఈనె తుంచి జేబులో వేసుకునేవారు. సాయంత్రానికి ఏడు, ఎనిమిది. ఒక్కొక్క పుల్ల మీద వేలు పెట్టి కళ్ళు మూసుకుని, అది ఎవరిదో గుర్తు తెచ్చుకునేవారు. గుర్తు రాని రోజు నేను చూడలేదు.

"ఇది రాజోలు అవతల రైతుగారిదండి. మనం ఎండలో నిలబడ్డామని తన సైకిలు బయట పడేసి, పాకలో చోటిచ్చేరు. రాయండి."

"కాయ బాగుందని కూడా రాయనా?"

"వొద్దండి. కాయ సంగతి కాయకాడే అయిపోయింది. సైకిలు ఎండలో పెట్టేరు చూడండి, అది రాయండి."

అంతే ఆ కార్డు. నమస్కారం, ఒక చిన్న సంగతి, కృతజ్ఞుణ్ణి. కింద ఆయన సంతకం, కోడి గీకినట్టు. కార్డు రాయగానే ఆ పుల్ల తీసి వీధిలోకి విసిరేసేవారు.

చేరిన కొత్తలో ఒకసారి నాకు తోచి, చివర "వచ్చే దింపు కాయ కూడా మాకే ఇవ్వగలరని ఆశిస్తున్నాను" అని ఒక వాక్యం చేర్చాను. వ్యాపారం కదా అనుకున్నాను. ఆయన దాన్ని కూడబలుక్కుని చదివి, కార్డు నా చేతికిచ్చి చింపమన్నారు.

"దండం పెట్టిన చేతులు అలాగే చాపి అడుక్కున్నట్టుందండి" అన్నారు.

పక్క కొట్టు ఆసామి సంక్రాంతికీ ఉగాదికీ రంగుల కార్డులు అచ్చేయించి పంచేవాడు. పూర్ణకుంభం బొమ్మ, కింద కొట్టు పేరు. వాటి ముందు మా పసుపు పోస్టు కార్డు వెలవెలబోయేది. అయినా రైతుల ఇళ్ళలో నేను చూశాను. పూర్ణకుంభం మీద పిల్లలు మీసాలు గీసేవాళ్ళు. మా కార్డులు దూలానికీ వాసానికీ మధ్య దోపి ఉండేవి.

ఉత్తరాది వ్యాపారులకి కూడా తెలుగులోనే రాయించేవారు.

"వాళ్ళకి తెలుగు రాదు గదండీ" అన్నాను.

"మన లారీ డ్రైవరుకి వొచ్చు గదండీ."

నిజంగానే ఆ కార్డు ఇక్కణ్ణుంచి పోస్టులో వెళ్ళి, అక్కడి వ్యాపారి గద్దె మీద కాచుకుని ఉండేది. తరవాతి లోడుతో వెళ్ళిన డ్రైవరు వచ్చీరాని హిందీలో దాన్ని చదివి వినిపించేవాడు. ఊరికే చదివేవాడు కాదు. సొంతంగా ఇంకో నాలుగు మాటలు చేర్చేవాడు. ఒక సేఠ్ మా డ్రైవరుకి చలిలో దుప్పటి ఇచ్చినందుకు మేం కార్డు రాస్తే, డ్రైవరు దాన్ని చదువుతూ, దుప్పటి కాస్త పొట్టిగా ఉందని కూడా షావుకారుగారు రాశారని చెప్పి ఇంకో దుప్పటి తెచ్చుకున్నాడు. ఆ సంగతి తెలిసి ఆయన కళ్ళనీళ్ళు వచ్చేట్టు నవ్వారు. నవ్వి, రెండో దుప్పటికి కూడా ఒక కార్డు రాయించారు.

నేను ఆ కొట్టుకి ఎలా వచ్చానో చెప్పాలి.

మాది కొత్తపేట నుంచి పలివెల వెళ్ళే దారిలో ఒక ఊరు. ఊళ్ళో కొబ్బరి తోటలు చాలావరకు మావే. ఇప్పుడు సెంటు లేదు. మా నాన్నగారు ఒక దావా గెలవడం కోసం మూడు వేశారు. ఆ మూడూ పోయాయి. ఇంతకన్నా చెప్పను. మా ఇంట్లో కృతజ్ఞత చెప్పే అలవాటు లేదు. మేం చెడ్డవాళ్ళం కాదు. పెట్టేవాళ్ళం. పెట్టేవాళ్ళకి ఆ మాటతో పని పడదు.

తోటలు ఉన్న రోజుల్లో ఈయన మా కాయ కొనేవారు. అరుగు దాటి లోపలికి వచ్చేవారు కాదు. వెళ్ళిన నాలుగో రోజుకి నాన్నగారి పేర కార్డు వచ్చేది. "వీడికి వేరే పని లేదు" అని నాన్నగారు దాన్ని చదవకుండానే కోర్టు కాగితాల్లో గుర్తుగా పెట్టుకునేవారు. ఇల్లు ఖాళీ చేసిన రోజున ఆ కాగితాలు కట్ట కడుతుంటే ఒక కార్డు జారి పడింది. "మీ అబ్బాయిగారు రసీదు రాసి ఇచ్చారు. అచ్చు గుద్దినట్టున్న ఆ దస్తూరి చూసి చాలాసేపు సంతోషించాను. కృతజ్ఞుణ్ణి" అని ఉంది. వచ్చిన ఏడేళ్ళకి దాన్ని మొదటిసారి చదివింది నేనే.

కొత్తపేటలో రెండు గదుల అద్దె వాటాలో ఉండగా ఆయన వెతుక్కుంటూ వచ్చారు. నాకు అప్పటికి ముప్పై దాటాయి. ఉద్యోగం అడగడానికి ఎవరి గుమ్మమూ ఎక్కలేదు. ఆయన కుర్చీ అంచున కూర్చున్నారు.

"అబ్బాయిగారూ, నాది కోడి గీతలండి. మీ దస్తూరి నాకు కాస్త అరువియ్యాలి."

"ఎన్నాళ్ళు?"

"తవరికి విసుగొచ్చేదాకా."

నేను మూడు షరతులు పెట్టాను. ఏ కార్డు మీదా నా పేరు ఉండకూడదు. రైతుల ఇళ్ళకి నేను వెళ్ళను. కాయల రాశి దగ్గర నిలబడను. మూడింటికీ "ఆయ్" అని ఒప్పుకున్నారు. మర్నాడు కొట్టులో నా కోసం చేతుల కుర్చీ ఒకటి ఉంది. తను మాత్రం కొబ్బరి గోతం మీదే కూర్చునేవారు.

కాయలు వలిచేవాళ్ళకి నా కుర్చీ మంచి కాలక్షేపం అయింది. నేను రాగానే, "దివాణం వచ్చింది, లెగండ్రా" అని ఒకడు అరిచేవాడు. పీచు ఏరే ఆడమనిషి ఒకతె మరీ గడుసుది. "దివాణంగారూ, మా మీద కూడా ఓ కార్డు రాద్దురూ, మా ఆయనకి చూపిత్తాను, నా విలువ తెలుత్తాది" అంది ఒకరోజు. అందరూ నవ్వారు. నేను తలెత్తలేదు.

ఆ సాయంత్రం బల్ల మీద ఒక పుల్ల ఎక్కువ ఉంది. "ఇది మన పీచు కాడ మనిషిదండి. నిన్న వానొస్తే తన కొంగు తీసి కొబ్బరి మీద కప్పింది. రాయండి." ముప్పై అడుగుల దూరంలో కూర్చున్న మనిషికి పోస్టులో కార్డు వెళ్ళింది. ఆవిడ ఇంటికి పోస్టుమేన్ రావడం అదే మొదలట. వీధి వీధంతా ఎవరికేమైందోనని హడలిపోయారట. మర్నాడు ఆవిడ పనికి వచ్చింది. ఆనాటి నుంచి నన్ను దివాణం అనడం మానేసింది.

ఇక ఆ కార్డు సంగతి.

మా ఇంట్లో సూర్రావు అని పాలేరు ఉండేవాడు. మేం సూరీ అనేవాళ్ళం. నాకన్నా పదేళ్ళు పెద్ద. వానాకాలంలో కాలవ పొంగితే నన్ను భుజాల మీద ఎక్కించుకుని బడికి దాటించేవాడు. నా పలక కూడా తనే నెత్తిన పెట్టుకునేవాడు. పెళ్ళయ్యాక అత్తవారి ఊరు, అల్లవరం అవతల, వెళ్ళిపోయాడు. కష్టపడ్డాడు. ఎకరం తోట అమర్చుకున్నాడు. అదంతా నేను విన్నదే. మా ఇల్లు పోయాక వాణ్ణి చూడలేదు. వాడు నన్ను చూడకూడదనే అనుకున్నాను.

తొంభై అయిదు ఎండాకాలంలో ఒక రోజు ఆయన తొమ్మిది పుల్లలు తెచ్చారు. తొమ్మిదో దాని మీద వేలు పెట్టి, కళ్ళు మూసుకోకుండానే చెప్పారు.

"ఇది సూర్రావుగారిదండి. కొత్తగా మనకి కాయ ఏసేరు. ఉప్పు నేల గదండీ అటంతా, సముద్రం పక్కన. ఆరు చోట్ల తవ్వితే ఏడో చోట నూతిలో తియ్యటి నీళ్ళు పడ్డాయంట. నేనెళ్ళేసరికి మొదటి చేద పైకొచ్చింది. ఇంట్లోవాళ్ళు ఇంకా నోట్లో పోసుకోలేదు. ఆ చెంబు నాకిచ్చేరండి. అది రాయండి."

సూరి మా పాలేరని ఆయనకి తెలుసో తెలియదో నేను అడగలేదు. రాశాను. నా దస్తూరి ఎప్పటిలాగే ఉంది.

అప్పట్లో కార్డులు డబ్బాలో వేయడం నా పనే. కాలవ వంతెన దగ్గర ఎర్ర తపాలా డబ్బా ఉంది. దాని పక్కనే నా బస్సు ఆగేది. ఎనిమిది కార్డులు వేశాను. తొమ్మిదోది సగం లోపలికి పెట్టి వెనక్కి తీసుకున్నాను.

సూరికి నా దస్తూరి తెలుసు. వాడికి అక్షరాలు దిద్దించింది నేను, అరుగు మీద, నా పలక మీద. కార్డు చూడగానే పోల్చుకుంటాడు. మా అబ్బాయిగారు కొబ్బరి కొట్టులో కూర్చుని, నా నూతి నీళ్ళకి దండాలు రాస్తున్నారన్నమాట అనుకుంటాడు. కాస్త జాలిపడతాడు కూడా. ఆ జాలి నాకు పనికిరాదు. బస్సు వచ్చింది. కార్డు జేబులో పెట్టుకుని ఎక్కాను. రేపు వేద్దామనుకున్నాను. ఆ రేపు గడిచాక ఎల్లుండి అంత కష్టమనిపించలేదు.

తరవాతి దింపుకి సూర్రావు కాయ వేరే కొట్టుకి వెళ్ళింది. ఆయన ఆశ్చర్యపడి కనుక్కోవడానికి వెళ్ళారు. మధ్యాహ్నం తిరిగి వచ్చారు. చెప్పుల చప్పుడు గుమ్మం దగ్గర ఆగింది. ఆ రోజు జేబులోంచి పుల్లలేవీ తీయలేదు. గోతం మీద కూర్చుని ఎడమ కాలు రెండు చేతులతో ఎత్తి పీట మీద పెట్టుకున్నారు. నేను పాత కాగితాలు సర్దుతున్నట్టు కూర్చున్నాను. నన్ను పంపేస్తారనుకున్నాను. నేనే లేచి వెళ్ళిపోవాలని కూడా అనుకున్నాను.

కాలు సర్దుకుంటూ అన్నారు: "అబ్బాయిగారూ, రేపట్నుంచి డబ్బాలో నేనే ఏసొస్తాను లెండి. కాలికి నడక మంచిదని చెప్పేరు డాక్టరుగారు."

ఏ డాక్టరూ చెప్పలేదు. కాలు కింద పెట్టవద్దని డాక్టరు చెప్పడం అంతకు నెల ముందు అదే కొట్టులో నేను విన్నాను.

మర్నాటి నుంచి ఆయనే వెళ్ళేవారు. కొట్టుకీ వంతెనకీ రెండు ఫర్లాంగుల దూరం. నా బస్సు కూడా అక్కడే గనుక నేను వేరే దారిన వెళ్ళడానికి లేదు. ముందు ఆయన, చేతిలో కార్డులు. పది అడుగుల వెనక నేను, ఖాళీ చేతులతో. ఆ రెండు చెప్పుల చప్పుడు వింటూ నడిచేవాణ్ణి. కార్డులు ఒక్కొక్కటే వేసి, అరచేత్తో డబ్బాని రెండు తట్లు తట్టి, "ఎల్లొస్తానండి" అని వెనక్కి తిరిగేవారు. వానలో గొడుగు కిందా అంతే. చలిజ్వరంలోనూ అంతే.

"తవరి దారిలోదే గదండీ, పెద్దాయన్ని నడిపిస్తారేంటి?" అని ఒకసారి కాయలు వలిచేవాడొకడు నన్ను అడిగేశాడు.

నేను జవాబు చెప్పేలోపు లోపల్నుంచి ఆయనే, "ఒరే, నా నడక నీకెందుకురా? నీ పని చూసుకో" అన్నారు.

సూర్రావుకి ఆయన రెండో కార్డు రాయించలేదు. రాయిస్తారని చాలా రోజులు ఎదురు చూశాను. రాయిస్తే పీడ పోయేది. ఎందుకు రాయించలేదో నాకు అంతుపట్టలేదు.

చెప్పి ఉండవలసింది. ఆ రెండు ఫర్లాంగుల్లో ఏదో ఒక సాయంత్రం పది అడుగులు వేగంగా వేసి ఉంటే సరిపోయేది. మా ఇంట్లో తప్పు ఒప్పుకునే అలవాటు కూడా లేదు.

తరవాతి ఏడు తుఫాను వచ్చింది. కోనసీమలో చెట్టు మీద చెట్టు పడింది. నిలబడ్డ వాటికి మొవ్వులు విరిగిపోయాయి. కొన్నేళ్ళ వరకు పంపడానికి కాయ లేదు. ఉత్తరాది వాళ్ళు తమిళదేశం కాయకి మళ్ళారు. కొట్లు మూతపడ్డాయి. మా కొట్టులో కాయలు లేని రాశి పాకలో కోళ్ళు తిరిగేవి. ఆయన మాత్రం కార్డులు మానలేదు.

"ఇప్పుడు దేనికండీ? కొనేది లేదు, అమ్మేది లేదు" అన్నాను.

"ఇప్పుడే గదండీ రాయాలి. ఇప్పుడైతే ఆశపడి రాసేడనుకోరు."

పాత పుల్లలు గుర్తు తెచ్చుకుని రాయించేవారు. పదేళ్ళ కిందట ఎవరో ఇచ్చిన దబ్బాకు మజ్జిగకి, ఎవరో చూపించిన అడ్డదారికి. మళ్ళీ చెట్లు కాపుకొచ్చినప్పుడు సేఠ్ లారీ మొదట మా కొట్టు ముందే ఆగింది. అప్పటికి సేఠ్ దగ్గర చేరిన మా పాత డ్రైవరు దిగీ దిగగానే, "కార్డులు చదవలేక చచ్చిపోయేనండి, ఏ వారం మానలేదు మీరు" అన్నాడు.

సెల్‌ఫోన్లు వచ్చాయి. కొడుకు ఆయనకి ఒకటి కొనిచ్చి, ఇక ఫోన్లో చెప్పేస్తే పోతుందన్నాడు. ఆయన రెండు రోజులు చెప్పి చూశారు. "ఫోను పెట్టేసేక ఆళ్ళ చేతిలో ఏం మిగుల్తాదిరా?" అని మళ్ళీ నా బల్ల ముందుకొచ్చి కూర్చున్నారు.

కిందటి నెలలో కాలు ఎర్రబడి, జ్వరం వచ్చింది. అయినా కొట్టుకి వచ్చారు. నాలుగు పుల్లలు. నాలుగు కార్డులు రాశాను. లేవబోయి లేవలేక, కార్డులు నా వైపు చాపారు.

"ఈపూట తవరు ఏసేయండి, అబ్బాయిగారూ."

పన్నెండేళ్ళ తరవాత. అందుకున్నాను. వంతెన దగ్గర ఒక్కొక్కటే వేశాను. నాలుగూ వేశాను. డబ్బాని తట్టబోయి చుట్టూ జనం ఉన్నారని మానేశాను. అయిదో రోజు తెల్లవారి ఆయన పోయారు. దహనానికి వెళ్ళి వచ్చాను. స్నానం చేసి, వండింది తిన్నాను. మర్నాడు కొట్టుకి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

అలా కూర్చున్నప్పుడే పెద్దకార్యం కార్డులు వచ్చాయి.

మూడు వందల తొంభై తొమ్మిది కార్డులు ఆ సాయంత్రం పోస్టులో వేశాను. ఒకటి ఉంచాను. ఇంటికి వెళ్ళి పెట్టె తెరిచి, కళ్ళజోడు కింద ఉన్నది తీశాను. దాన్ని ఇప్పుడు పోస్టులో వేయడానికి లేదు. అది పదిహేను పైసల నాటి కార్డు. అవతల అందుకునే మనిషి మిగతాది కట్టి విడిపించుకోవాలి. రెండూ జేబులో పెట్టుకుని పొద్దున్నే అల్లవరం బస్సు ఎక్కాను. రైతుల ఇళ్ళకి వెళ్ళనన్న షరతు పెట్టింది నేనే.

దారంతా రొయ్యల చెరువులు. నీళ్ళలో చక్రాలు తిరుగుతూ నురగ చిమ్ముతున్నాయి. మధ్యలో అక్కడక్కడ కొబ్బరిచెట్లు, తలలు సన్నబడి. అడిగితే ఇల్లు చూపించారు.

సూర్రావు అరుగు మీద వల అల్లుకుంటున్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి పోల్చుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"అబ్బాయిగారా! తవరేంటండి ఇలాగ? కబురు చేస్తే నేనొద్దును గదా!" లేచి, భుజం మీది తువ్వాలు తీసి అరుగు తుడిచాడు. "కూర్చోండి. ఏమేవ్, నీళ్ళు, నీళ్ళు!"

నేను కూర్చోలేదు. మొదట పెద్దకార్యం కార్డు ఇచ్చాను. నిదానంగా, పెదవులు కదుపుతూ చదివాడు.

"షావుకారుగారా?" అన్నాడు.

"అవును."

"ఎన్నాళ్ళయింది?"

చెప్పాను. కార్డు పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. అప్పుడు రెండోది ఇచ్చాను.

"ఇదేంటండి?"

"చదవండి" అన్నాను. సూరిని నేను 'మీరు' అనడం అదే మొదలు. వాడు గమనించాడో లేదో తెలియదు.

కార్డు పసుపు మాసి గోధుమరంగుకి తిరిగింది. సిరా మాత్రం పోలేదు. పైకే చదివాడు. "సూర్రావుగారికి నమస్కారం. ఎంతో శ్రమపడి తవ్వుకున్న మీ కొత్త నూతి నీళ్ళు, మీ ఇంటివారికన్నా ముందు నాకు చెంబుతో ఇచ్చారు. ఇంటికి వచ్చినా ఆ తీపి నోట్లోనే ఉంది. కృతజ్ఞుణ్ణి."

చదివి పెరటి వైపు చూశాడు. నుయ్యి మీద తుప్పు పట్టిన రేకు కప్పి, రేకు మీద రాళ్ళు పెట్టి ఉన్నాయి.

"ఉప్పయిపోయిందండి" అన్నాడు. "తుఫానుకి చెట్లు పోయేయి. చుట్టూరా చెరువులు తవ్వేరు. నాలుగేళ్ళల్లో ఉప్పు తేలింది. ఇప్పుడు గిన్నెలు తోముకోడానికి కూడా పనికిరాదు." కార్డు తిప్పి, చిరునామా రాసిన నా అక్షరాలు చూశాడు. "ఇది ఇన్నాళ్ళూ ఎక్కడుందండి?"

"నా దగ్గర. ఆ రోజు రాసింది ఆ రోజే వేయాలి. నేను డబ్బాలో వేయలేదు."

ఎందుకని అడుగుతాడనుకున్నాను. దారిలో దానికొక జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. అడగలేదు. వల పక్కకి జరిపాడు.

"ఆ యేడు నేను కాయ మార్చేసేనని షావుకారుగారు ఒచ్చేరండి. ఇదిగో, ఇక్కడే నిలబడ్డారు. అందరికీ కార్డులొచ్చేయి, నాకు రాలేదు, పాలేరు పని చేసినోణ్ణనా అని అడిగేసేను. 'రాసేమండి సూర్రావుగారూ, దారిలో ఉంది' అన్నారు. నేను నమ్మలేదనుకోండి. ఆ తరవాత సంతలో ఎక్కడ కనపడినా నేనే ఎకసెక్కంగా, 'ఏమండీ, ఇంకా దారిలోనే ఉందా?' అనేవోణ్ణి. ఎన్నిసార్లు అన్నానో. ఆయన నవ్వేవోరు కాదు. 'ఆయ్, దారిలోనే ఉందండి. తెచ్చే మనిషి మంచోడు. కాస్త నిదానం, అంతే' అనేవోరు."

తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"పోస్టుమేన్ని అంటున్నారనుకున్నానండి ఇన్నాళ్ళూ."

లోపల్నుంచి వాళ్ళావిడ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చింది.

సూర్రావు లేచి, గుమ్మం అవతలికి వెళ్ళి, చావు కార్డుని అందరూ చేసేట్టే నిలువునా చింపి, మళ్ళీ అడ్డంగా చింపి, నీళ్ళ బోదెలో పడేశాడు. అలాంటి కార్డు ఇంట్లోకి తీసుకెళ్ళరు. రెండోదాన్ని పంచె చెంగుతో ఒకసారి తుడిచాడు.

"ఇది లోపల పెట్టొస్తాను, ఉండండి" అని వెళ్ళాడు. లోపల స్టూలు జరిపిన చప్పుడైంది.

నీళ్ళు టిన్నువి. ఊళ్ళోకి ఆటోలో తెచ్చి అమ్ముతారు. చప్పగా ఉన్నాయి. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడే తాగాను. ఆ వాకిట్లో ఒక కొబ్బరిమట్ట పడి ఉంది. వంగి ఒక ఈనె తుంచి జేబులో వేసుకున్నాను.